పెదాలు నీల్దావి

"ఒక్కపాలి అను. ఒక్కపాలే."

"అననక్కా."

"అంటే ఏటి పోద్ది?"

"అంటే నువ్వు నమ్మేస్తావు. అసలు ఎప్పుడో నమ్మేశావు. ఇప్పుడు నా నోట్లోంచి రుజువు కావాలి, అంతే."

సొకోరో తలెత్తకుండా ఆకుకూరని దారాల్లా తరుగుతోంది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నల్లచిక్కుళ్ళు, పందిచెవులు, ఎండుమాంసం పొద్దుటి నుంచీ ఉడుకుతున్నాయి. శనివారం పూట యుద్ధమొచ్చినా ఆ ఇంట్లో ఈ వంట ఆగదు. యుద్ధం వచ్చే ఉంది. వంట ఆగలేదు.

నీల్దా వంటింటి తలుపుకి అడ్డంగా నిలబడింది. మంగళవారం నుంచి ఆమె ఈ ఇంట్లో ఎక్కడ నిలబడినా ఎవరికో ఒకరికి అడ్డంగానే ఉంటోంది.

మంగళవారం సాయంత్రం ప్రివ్యూ హాల్లో దీపాలారి, తెర మీద ఇవా మోరెల్ కనిపించింది. అంటే నీల్దాయే. బ్రెజిల్ ఈశాన్యపు మూల కరువారూ నుంచి వచ్చిన ఇవానిల్దా పేరుని సగానికి కోసి, ఎక్కడిదో ఒక ఇంటిపేరు తగిలించి సావో పౌలో సినిమావాళ్ళు తయారుచేసిన మనిషి. ఇన్నాళ్ళూ పక్కవేషాలు, ఇప్పుడు మొదటిసారి కథానాయిక. డాక్టరుగారి భార్య. ఇవా మోరెల్ తన మొగుడికి ఎదురుగా నిలబడి నోరు తెరిచి, "నువ్వెళ్ళు, తలుపు నేనే వేసుకుంటాను," అంది.

నోరు నీల్దాది. గొంతు కాదు.

ఆ గొంతు మెత్తగా, తడిగా, పెద్ద మేడల వీధుల్లో పుట్టి పెరిగినట్టుగా ఉంది. సినిమా అయ్యేదాకా అదే గొంతు నీల్దా నోట్లోంచి వస్తూనే ఉంది. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు.

షూటింగులో అసలు మాటలే రికార్డు చెయ్యరు. కెమెరా వెనక నుంచి ఎవరో డైలాగు చదువుతుంటే ముందున్నవాళ్ళు అందుకుని పెదాలాడిస్తారు. అంతా అయ్యాక చీకటిగదిలో మైకు ముందు నిలబడి, గుండ్రంగా తిరిగే ఫిలిం ముక్క చూస్తూ ఎవరి మాటలు వాళ్ళు చెప్పుకుంటారు. అందరూ అంతే, అందులో సిగ్గేమీ లేదు. నీల్దా కూడా వెళ్ళింది, ప్రతి మాటా చెప్పింది. అద్దం అవతలి నుంచి సౌండాయన బొటనవేలు పైకెత్తి చూపించాడు కూడా. ఆ తర్వాత ఎవరో అదే గదిలోకి వెళ్ళి, ఆమె మాటల మీద తమ మాటలు పరిచేశారు.

ఎవరో అంటే, ఇంట్లోవాళ్ళే. అది మాత్రం నీల్దాకి లెక్క తేలిపోయింది. ఆ గొంతు ఎక్కడా జారలేదు, ఎక్కడా తడుముకోలేదు. నీల్దా ఊపిరి ఆగినచోట ఆగింది, నవ్వబోయి మానేసినచోట మానేసింది. పెదాలకి అంత అతుక్కుని మాట్లాడాలంటే ఆ పెదాలని రోజూ చూసేవాళ్ళు అయ్యుండాలి. ఇంట్లో ఉన్నది నలుగురు. అందులో ఒకరు తను. ఒకరు ఫిలిం ముక్కలు కత్తిరించి అతికించే మొగుడు ఓస్మార్. ఒకరు సిగరెట్లు కాల్చీ కాల్చీ గిన్నె అడుగు గీకినట్టు మాట్లాడే అత్తగారు, దోనా ఎర్మెలిండా. ఇక మిగిలింది చెల్లెలు.

ఊరి నుంచి వచ్చిన కొద్ది నెలల్లోనే సొకోరో మేజోళ్ళ కొట్లో ఉద్యోగం సంపాదించింది. దాంతోపాటు బస్తీ యాసా సంపాదించింది. కౌంటర్ దగ్గర దాని మాటలు వింటే కరువారూ ఎటుందో కూడా తెలియని పిల్లలా ఉంటుంది.

"మొన్నా మధ్య సాయంకాలాలు ఎక్కడికెల్లీదానివి?"

"టైపు నేర్చుకోడానికి."

"టైపు నేర్సుకోడానికి గొంతు పుక్కిలించాలేటి?"

సొకోరో కత్తి ఆపింది. "ఏ గొంతు?"

"బాత్రూంలో దానిమ్మతొక్కల కసాయం. గలాసు నిండా. నెలరోజులుగా సూస్తన్నాను."

"అది నాది కాదు."

"నాది," అన్నాడు ఓస్మార్ హాల్లోంచి.

ఇద్దరూ అటు తిరిగారు. ఓస్మార్ నిమ్మకాయలు, చెరకుసారా సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెళ్ళయి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో అతను గొంతునొప్పి అన్న పాపాన పోలేదు. ఫుట్‌బాల్ చూస్తూ వీధి చివరికి వినపడేట్టు అరిచినప్పుడు కూడా.

"నీదా?" అంది నీల్దా. మొగుడితో మాట్లాడేటప్పుడు ఆమె మాటలు వాటంతటవే ఇస్త్రీ చేసుకుంటాయి. "నీకెందుకు?"

"దుమ్ము. కటింగ్ గదిలో దుమ్ము ఎక్కువ."

"ఓహో."

"ఓహో ఏంటి?"

"ఏం లేదు. దుమ్ము అన్నావుగా."

ఓస్మార్ నిమ్మకాయలు బల్ల మీద పెట్టి, నడవాలోని టెలిఫోన్ వైపు ఒకసారి, గోడగడియారం వైపు ఒకసారి చూశాడు. "ఈ పూట ఫోన్ మోగితే నేను తీస్తాను. ఆఫీసుది ఒకటి రావాలి."

"నాదీ ఒకటి రావాలి," అంది నీల్దా.

ఆమె చూస్తున్నది ఎవరాల్డో ఫోన్ కోసం. ప్రివ్యూ అయ్యాక వరండాలో జనాన్ని తోసుకుంటూ వచ్చిన తమ కరువారూకి దగ్గరి పట్నమైన రెసిఫె కుర్రడైరెక్టరు. "మీరు కరువారూ మనిషటగా! నా సినిమాలో ఏటి ఒడ్డున బట్టలుతికే ఆవిడ వేషం ఉంది. అక్కడే తీస్తాం, అక్కడే మాటలు రికార్డు చేస్తాం, మన ఊరి మాటలు, మీ గొంతు. ఊరెళ్ళి ఫోన్ చేస్తాను," అని కార్డు చేతిలో పెట్టాడు. అప్పటికి తెర మీది ఆ గొంతు నీల్దా చెవుల్లో ఇంకా ఆగలేదు. నోరు పెగల్లేదు. తల మాత్రం ఊపింది.

నాలుగు రోజులుగా ఆ ఫోన్ రాలేదు. సొంత గొంతుతో తెర మీద కనపడే దారి ఆమెకి ఇప్పుడు అదొక్కటే.

* * *

భోజనాల దగ్గర దోనా ఎర్మెలిండా అందరికీ వడ్డించింది. నారింజ తొనలు, వేయించిన కర్రపెండలం పిండి, అన్నం, ఆకుకూర. ఎవరూ ఎవరి మొహమూ చూడకపోవడంతో ఆవిడ గరిటెకి దారి తేలికైంది.

"ఉప్పు సరిపోయిందా?"

ఓస్మార్ చిక్కుళ్ళ మీద పిండి చల్లుకున్నాడు.

"సరిపోయింది. నాకు నేనే చెప్పుకుంటున్నా," అంది ఆవిడ బొంగురుగా. ఒకప్పుడు రేడియో నాటకాల్లో చేసేదట. ఆ గొంతుని పొగాకు తినేసిందని ఆవిడే చెబుతుంది, ఎవరైనా అడిగితే.

"సొకోరో," అంది నీల్దా.

"మళ్ళీ మొదలా?"

"నువ్వెళ్ళు, తలుపు నేనే వేసుకుంటాను. అంతే కదా. ఎంతసేపు పడుతుంది?"

"నీల్దా, భోజనం చెయ్యనీ," అన్నాడు ఓస్మార్.

"నువ్వెందుకు అడ్డుపడుతున్నావు? ఈ పిల్ల నోరు తెరిస్తే నీకేం భయం?"

"నాకు భయమేంటి!"

"చెమట పట్టింది."

"చిక్కుళ్ళు వేడిగా ఉన్నాయి!"

సొకోరో చెంచా పళ్ళెంలో విసిరికొట్టింది. లేచి నిలబడి, కొట్టుకి వచ్చిన పెద్దింటి ఆడవాళ్ళతో మాట్లాడే గొంతు పెట్టి, ఒక్కో మాటా విడమరిచి అంది. "నువ్వెళ్ళు. తలుపు. నేనే వేసుకుంటాను. చాలా? ఇంకో రంగులో కూడా చూపించమంటారా మేడమ్?"

అది ఆ గొంతు కాదు. అస్సలు కాదు. మేజోళ్ళు అమ్ముతున్నట్టుంది. నీల్దాకి ఆ సంగతి మొదటి మాటకే తెలిసిపోయింది. కానీ నాలుగు రోజులుగా మోస్తున్న అనుమానాన్ని దించడానికి చోటు దొరకలేదు.

"గొంతు మార్సీసావు," అంది.

సొకోరో మొహం పాలిపోయింది. "ఏటన్నావు?"

"కావాలని మార్సీసావు. నువ్వు ఎవురిలాగ కావాలంటే వాల్లలాగ మాటాడగలవు. సిన్నప్పుడు అమ్మలాగ మాటాడి నన్ను ఎన్నిపాల్లు నిద్ర లేపీదానివి?"

"నాను..." సొకోరో బస్తీ యాస అక్కడే ఊడి కింద పడింది. "నాను నీకోసం ఇక్కడికి వొచ్చినానక్కా. నీ సినిమా సూద్దారని కొట్లో అందర్నీ బతిమాలి సెలవెట్టినాను. నువ్వు నన్ను దొంగని సేసీసావు. సరే. రేతిరి బస్సుకి ఎల్లిపోతాను."

గదిలోకి వెళ్ళింది. మంచం కింద నుంచి పెట్టె లాగిన చప్పుడు. హ్యాంగర్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు. నీల్దా కదల్లేదు. వెనక్కి తీసుకోవాలంటే మాట బయటికి రావాలి, రావట్లేదు.

"నువ్వెళ్ళు. తలుపు నేనే వేసుకుంటాను."

ఆ గొంతు.

మెత్తగా, తడిగా, పాతికేళ్ళు కూడా నిండని గొంతు. బల్లకి ఆ చివర నుంచి వచ్చింది.

దోనా ఎర్మెలిండా రెండు వేళ్ళ మధ్య సిగరెట్టుతో, ముందు నారింజతొక్కల కుప్పతో కూర్చుని ఉంది. అరవై దాటిన మొహం, ముడతలు, కళ్ళ కింద సంచులు. పెదాలు మూసుకున్నాయి, గొంతు మాత్రం ఇంకా గదిలోనే ఉంది.

పక్కగదిలో హ్యాంగర్లు ఆగాయి.

"అమ్మా!" అన్నాడు ఓస్మార్.

"ఏంట్రా అమ్మా? ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోంది. ఇంకెంతసేపు చిక్కుళ్ళు నములుతూ కూర్చోమంటావు?" మళ్ళీ పాత బొంగురే. "పొగాకు తినేసిందన్నాను. అంతా తిందని అన్నానా?"

నీల్దా కుర్చీ అంచు పట్టుకుంది. "ఎప్పుడు?"

"నువ్వు నీ మాటలు చెప్పొచ్చిన తర్వాత. నీకు బట్టల కొలతలున్న సాయంత్రాలు చూసి."

"ఆల్సీడెస్ సినిమాహాళ్ళవాళ్ళని పిలిచి నీ రీళ్ళు వేసి చూపించాడు," అన్నాడు ఓస్మార్ గబగబా. ఆల్సీడెస్ అంటే ప్రొడ్యూసర్. "వాళ్ళు నవ్వారు నీల్దా. డాక్టర్ పెళ్ళాం వంటమనిషిలా మాట్లాడుతోందేంటి అన్నారు. అతను నిన్ను తీసేసి ఇంకో అమ్మాయితో మళ్ళీ తీస్తానన్నాడు. వేషమే పోయేది. నేను ఇంటికొచ్చి అమ్మ కాళ్ళు పట్టుకున్నాను."

"నాకు సెప్పొచ్చు కదా."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"నేదు."

"మరి?"

"మరేటి? వొద్దు అన్డానికి నాకు నోరుంది. అది కూడా మీరే సెప్పీసినారు."

ఓస్మార్ నారింజతొన ఒకటి తీసి, తినకుండా మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

"బయటిదాన్ని పిలిస్తే నీ నోటికి ఏ కాకిగోల తగిలించేదో," అంది దోనా ఎర్మెలిండా. "నేను నీ ఊపిరి దగ్గర ఊపిరి తీశాను తల్లీ. కోపమొస్తే నువ్వు కింది పెదవి కాస్త ఆలస్యంగా వదులుతావు. అది ఎవరికి తెలుసు? నీ మొగుడికి తెలుసా?"

"అందుకేనా నెలంతా నాకెదురుగా కూసుని తిన్నారు? నాను ఏటి తింటన్నానో అడుగుతుంటే ప్రేమనుకున్నాను. నా నోరు కొలుస్తన్నారని తెల్దు."

"రెండూ చెయ్యకూడదని ఉందా?"

గుమ్మంలో సొకోరో సగం మడిచిన గౌనుతో నిలబడి ఉంది. నీల్దా దాన్ని చూడలేకపోయింది. అత్తగారినే చూసింది. కొత్తగా చూసింది. పక్కఫ్లాట్ ఆవిడ, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు ఎలా ఉంటుందో అని తలుపుసందులోంచి చూసినట్టు చూసింది.

"ప్రివ్యూలో మీరు ఏడ్సినారు," అంది. "నా సెయ్యి పట్టుకుని ఏడ్సినారు. నాకోసమనుకున్నాను."

దోనా ఎర్మెలిండా సిగరెట్టు బూడిద రాల్చింది. పళ్ళెంలో కాదు, బల్లగుడ్డ మీద. ఆవిడ చేత్తో కుట్టిన గుడ్డే.

"కొంత నీకోసమే," అంది.

పొయ్యి మీద గిన్నె ఒక్కటే గొణుగుతోంది. టీవీలు వచ్చాక రేడియోవాళ్ళు ఆవిడని కొత్త స్టూడియోకి పిలిచి, మొహం మీద దీపం వేసి చూసి, చాలా మర్యాదగా ఇంటికి పంపించేశారని పెళ్ళయిన కొత్తలో ఓస్మార్ ఒకసారి చెప్పాడు. అప్పుడు నీల్దా జాలిపడింది. ఇప్పుడు ఆ జాలిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఈవిడ కోడలి వేషం కాపాడిందా, కోడలి మొహం వేసుకుందా?

నడవాలో ఫోన్ మోగింది.

ఓస్మార్ కుర్చీ వెనక్కి పడింది. కానీ నీల్దా దగ్గరగా ఉంది.

"అలో? ఎవురు కావాలండీ?"

"ఇవా మోరెల్ గారిల్లేనా?" ఉత్సాహంగా ఉన్న మగగొంతు. "రేడియో నుంచి. ఏయ్ అమ్మాయ్, మీ అమ్మగారిని కాస్త పిలు. గిన్నెలు తర్వాత తోముకోవచ్చులే, తొందరగా."

ఈ ఊళ్ళో ఈ యాసకి ఉన్న చోటు అదే. వంటిల్లు.

"ఏటి పనండీ?"

"ఓస్మార్‌కి తెలుసు, ఈ పూట చేస్తానని చెప్పాను. ఆ రెసిఫె సినిమా ఎందుకు వద్దన్నారో రెండు ముక్కలు చెప్పమను, చాలు. సాయంత్రం వేసుకుంటాం."

"ఎవురు వొద్దన్నారు?"

"ఇంకెవరు, మీ అమ్మగారే! గురువారం ఆ కుర్రాడు ఫోన్ చేస్తే ఆవిడే చెప్పారట. తనని ఇంత తీయగా ఎవరూ కాదనలేదని ఊరంతా చెప్పుకుని బాధపడుతున్నాడు పాపం. పిలుస్తావా లేదా?"

గురువారం. ఫోటోలు తీయాలని ఓస్మార్ ఆమెని పొద్దున్నే స్టూడియోకి పంపించాడు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, దీపాలు పాడయ్యాయని తిప్పి పంపారు.

నీల్దా వెనక్కి తిరిగింది. ఓస్మార్ నేల చూస్తున్నాడు. దోనా ఎర్మెలిండా సగం కాలిన సిగరెట్టు ఆర్పేసి, లేచి నిలబడింది. భుజాలు వెనక్కి పెట్టి, మెడ నిటారుగా, రేడియో స్టూడియోలో ఎర్రదీపం వెలిగే క్షణం కోసం చూస్తున్నట్టు. ఆవిడని ఇంకా ఎవరూ పిలవలేదు.

"అమ్మగారు ఇంట్లో నేదండి," అంది నీల్దా ఫోన్లో.

"ఎప్పుడొస్తారు?"

"నాకూ తెల్దు."

పెట్టేసింది. చేతిసంచీలోంచి ఎవరాల్డో కార్డు తీసి, దూరపు కాల్స్ కలిపే అమ్మాయికి ఫోన్ చేసి, రెసిఫె నంబరు, అతని పేరు చదివింది. లైన్ కోసం ఆగమంది ఆ అమ్మాయి.

"నీల్దా, విను," అన్నాడు ఓస్మార్. "ఆల్సీడెస్ ఇంకో సినిమా మొదలుపెడుతున్నాడు. మళ్ళీ నువ్వే కథానాయిక. నువ్వు రెసిఫె వెళ్ళి బట్టలుతుకుతూ ఆ యాసలో మాట్లాడితే ఈ గొంతు ఎవరిదని అడగరా? అందరం రోడ్డు మీద పడతాం."

"అందరం అంటే ఎవరం?"

అతను తల్లి వైపు చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

"ఆ రెసిఫెవాడు నిన్ను నమ్మడు తల్లీ," అంది దోనా ఎర్మెలిండా, దగ్గరికి వస్తూ. "వాడు తెర మీద విన్నది నన్ను. ఫోన్లో విన్నది నన్ను. నీ నోట ఒక్క మాట వినలేదు. ఇప్పుడు నువ్వు మాట్లాడితే ఇంట్లో పనిపిల్ల ఎవరో ఆటపట్టిస్తోందనుకుంటాడు. తప్పు చేశాను. నేనే సరిచేస్తాను." చెయ్యి చాపింది. ఆ తర్వాతి మాటలు మాత్రం ఆ మరో గొంతులో, మెత్తగా వచ్చాయి. "మనసు మార్చుకున్నాను ఎవరాల్డో, వస్తున్నాను. అంతే అంటాను. ఇలా ఇవ్వు."

"ఇవ్వకక్కా," అంది సొకోరో గుమ్మంలోంచి.

ఆవిడ వస్తున్నాను అంటుందా? లేక ఇంకోసారి, ఇంకా తీయగా, వద్దంటుందా? నీల్దా ఆ చేతిని చూసింది. మంగళవారం చీకట్లో తన చేతిని పట్టుకున్న చెయ్యి అదే.

రిసీవర్లో గరగర ఆగిపోయింది.

"రెసిఫె లైన్ వచ్చింది. ఎవరాల్డో గారు ఉన్నారు," అంది అమ్మాయి. "ఎవరు మాట్లాడుతున్నారని చెప్పమంటారు?"

నీల్దా ఊపిరి తీసుకుంది.

ఎదురుగా దోనా ఎర్మెలిండా కూడా తీసుకుంది. చప్పుడు లేకుండా, సరిగ్గా అప్పుడే, ఆవిడ పెదాలు విడివడ్డాయి.